బోసినోటి జీవికి పళ్లు ఎలా వచ్చాయి?

ఈ నెల మా ‘మీ ప్రశ్న – మా జవాబు’ శీర్షికకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే ప్రాణిని గురించినవి. తల వెనుక పొడవైన ఎముక శిఖ, ముందుకు బల్లెంలా సాగిన ముక్కు, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక చిన్న గదిని దాటిపోయేంత రెక్కలు ఉన్న ఆ ప్రాణి పేరు టెరనోడాన్. సెలవుల్లో పిల్లలు చూసిన సినిమాలూ, వాళ్లు ఆడుకున్న బొమ్మలూ ఈ ఉత్తరాలకు మూలమని చదువుతుంటేనే తెలిసిపోతోంది. అందువల్ల తక్కిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి శీర్షిక మొత్తాన్ని దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయికి కొన్న రాక్షసబల్లుల బొమ్మల పెట్టెలో రెక్కలున్న బొమ్మ ఒకటి ఉంది. పెట్టె మీద దాని పేరు ‘టెరోడాక్టైల్’ అని అచ్చువేశారు. ఏడేళ్ల మా వాడు మాత్రం అది టెరనోడాన్ అనీ, అసలు అది రాక్షసబల్లే కాదనీ వాదిస్తున్నాడు. ఎవరి మాట నిజం? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: రెండు విషయాల్లోనూ మీ అబ్బాయి మాటే నిజమండీ. తల వెనుకకు పొడుచుకువచ్చిన పొడవైన శిఖ ఉంటే ఆ బొమ్మ టెరనోడాన్‌దే. టెరోడాక్టైల్ అనే పేరు వేరొక ప్రాణిది. జర్మనీలోని బవేరియా ప్రాంతపు సున్నపురాతిలో దొరికిన ఒక చిన్న అస్థిపంజరాన్ని మాన్‌హైమ్ నగరంలోని వస్తుసంగ్రహాలయ అధికారి కోలీనీ 1784లో మొదటిసారి వర్ణించారు. దాని పొడవైన ముందరి అవయవాలను చూసి ఆయన అది సముద్రజీవి కావచ్చుననుకున్నారు. అది ఎగిరే సరీసృపమని 1801లో గుర్తించినవారు ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే. దాని రెక్కలు చాచితే సుమారు ఒక మీటరు, నోటిలో పళ్లున్నాయి, ఎముకతో ఏర్పడిన పొడవాటి శిఖ లేదు. పైగా అది టెరనోడాన్‌కన్నా దాదాపు 6 కోట్ల ఏళ్లకు పైగా పాతది. ఎగిరే సరీసృపాలలో మొదట ప్రపంచానికి తెలిసింది అదే కావడంతో, ఆ పేరే ఇంగ్లీషు వాడుకలో మొత్తం వర్గానికీ అంటుకుపోయింది. బొమ్మల కంపెనీలు ఆ వాడుకనే పెట్టెల మీద అచ్చువేస్తున్నాయి. రెండు పేర్లలోనూ ఇంగ్లీషు వర్ణక్రమంలో మొదట కనిపించే ‘ప’కారాన్ని పలకరాదన్న సంగతి కూడా పిల్లలకు చెప్పండి.

ఇక రెండో విషయం. ఎగిరే సరీసృపాలన్నింటినీ కలిపి టెరోసార్లు అంటారు. టెరోసార్లూ డైనోసార్లూ ఒకే మూలం నుంచి చీలి వేరుపడిన దాయాదులే తప్ప ఒకే ఇంటివి కావు. మీ పెరట్లో వాలే పిచ్చుక డైనోసార్ల వంశంలో పుట్టిన ప్రాణి, టెరనోడాన్ కాదు. ఇంగ్లీషులో ఉన్న ఈ తేడాను మన ‘రాక్షసబల్లి’ అనే మాట పూర్తిగా చెరిపేస్తుంది, ఎందుకంటే పెద్దదిగా, వింతగా, అంతరించిపోయినదిగా ఉన్న ప్రతి సరీసృపమూ ఆ మాటలో ఇమిడిపోతుంది. ఆ మాట అందమైనదే, దాన్ని వదులుకోవాలని నేను అనను. కానీ రెక్కలున్నవాటిని ‘ఎగిరే సరీసృపాలు’ అని విడిగా పిలవడం పిల్లలకు మొదటి నుంచీ అలవాటు చేస్తే మంచిది.

ప్రశ్న: టెరనోడాన్ అనే పేరుకు అర్థం ఏమిటి? నేను చూసిన సినిమాలో దాని నోటినిండా పళ్లున్నాయి. ఒక పుస్తకంలో మాత్రం పళ్లు లేవని ఉంది. – ఇంటర్ విద్యార్థి, విజయవాడ

జవాబు: మీరు చదివిన పుస్తకంలో ఉన్నది సరైన మాట. గ్రీకు భాషలో ‘టెరాన్’ అంటే రెక్క, ‘అనోడాన్’ అంటే పళ్లు లేనిది. రెండింటినీ కలిపి తెలుగులో చెప్పుకుంటే ‘బోసినోటి రెక్కలది’. తనకు పళ్లు లేవన్న సంగతిని తన పేరులోనే మోస్తున్న ప్రాణికి సినిమావాళ్లు పళ్లు పెట్టడం వెనుక ఒక పాత పొరపాటు కథ ఉంది.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఒథ్నియల్ చార్లెస్ మార్ష్ 1870లో తన విద్యార్థులను వెంటబెట్టుకుని కాన్సాస్ రాష్ట్రపు పశ్చిమ భాగానికి వెళ్లారు. స్మోకీ హిల్ నది ఒడ్డున ఉన్న సుద్దరాతి దిబ్బలలో ఆయనకు రెక్క ఎముకల ముక్కలు దొరికాయి. ఐరోపాలో అప్పటివరకు దొరికిన ఎగిరే సరీసృపాలలో చాలావరకు కాకో గద్దో అన్నంత పరిమాణంలోనివి. ఈ ముక్కలు మాత్రం రెక్కల విస్తారం కొన్ని మీటర్లు ఉండే ప్రాణివి. అదే చోట ఒక పన్ను కూడా దొరికింది. అప్పటికి తెలిసిన ఎగిరే సరీసృపాలన్నింటికీ పళ్లుండేవి కనుక, ఆ పన్ను కూడా ఈ ప్రాణిదేనని మార్ష్ అనుకోవడం సహజమే. నిజానికి అది క్సిఫాక్టినస్ అనే భారీ చేప పన్ను. మార్ష్‌కు బద్ధప్రత్యర్థి అయిన ఎడ్వర్డ్ డ్రింకర్ కోప్ కూడా అవే దిబ్బలలో వెదికి 1872లో ఈ ప్రాణులకు తనవైన పేర్లు పెట్టారు. ఇద్దరి పోటీలో పేర్లు పెరిగాయి కానీ పుర్రె మాత్రం ఎవరికీ దొరకలేదు.

మార్ష్ తరఫున పనిచేస్తున్న శామ్యూల్ విలిస్టన్‌కు 1876 మే 2న స్మోకీ హిల్ నది దగ్గరే ఆ పుర్రె దొరికింది. పొడవాటి ముక్కు, వెనుక శిఖ, నోటిలో ఒక్క పన్నూ లేదు. అదే సంవత్సరం మార్ష్ తన పొరపాటును దిద్దుకుని, ఆ లోపాన్నే గుర్తుగా తీసుకుని, టెరనోడాన్ అన్న పేరును స్థిరపరిచారు. జురాసిక్ పార్క్ చిత్రాల వరుసలో మూడోది 2001లో వచ్చినప్పుడు అందులోని టెరనోడాన్‌లకు కోసుగా ఉన్న పళ్లు పెట్టారు. అంటే శాస్త్రం దిద్దుకున్న తప్పును వెండితెర సరిగ్గా 125 ఏళ్ల తరువాత మళ్లీ తెచ్చింది. భయపెట్టడానికి పళ్లు కావాలన్న ఆలోచన నాకు అర్థమవుతుంది. అయినా పేరులోనే ఉన్న నిజాన్ని కాదనడం నాకు బాధగానే ఉంటుంది. 2015లో వచ్చిన జురాసిక్ వరల్డ్‌లో మళ్లీ బోసినోటితోనే చూపించారు. అది మెచ్చుకోవలసిన విషయం.

ప్రశ్న: దాని తల మీద అంత పొడవైన శిఖ ఎందుకు? ఎగిరేటప్పుడు పడవ చుక్కానిలా దిశ మార్చుకోవడానికి పనికివచ్చేదని మా మాస్టారు చెప్పారు. – డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: మీ మాస్టారు చెప్పినది ఒకప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు నమ్మిన మాటే కనుక వారిని తప్పుపట్టలేం. చుక్కాని అన్నవారు కొందరు. పొడవైన ముక్కు బరువుకు వెనుక నుంచి తూకంగా నిలిచేదని కొందరు, దిగేటప్పుడు గాలిని అడ్డుకుని వేగం తగ్గించేదని మరికొందరు, దవడ కండరాలు పట్టుకోవడానికి ఆధారమని ఇంకొందరు అన్నారు. ప్రతి వాదమూ వినడానికి సబబుగానే ఉంటుంది. వీటన్నింటికీ ఒకే చోట దెబ్బ తగిలింది.

క్రిస్టఫర్ బెనెట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త వస్తుసంగ్రహాలయాలలో ఉన్న వందలాది టెరనోడాన్ శిలాజాలను కొలిచి, 1992లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఇప్పటివరకు ఈ ప్రాణి శిలాజాలు 1,100కు పైగా దొరికాయి; టెరోసార్లలో ఇంత విస్తారంగా దొరికినది మరొకటి లేదు. కనుకనే ఇలాంటి లెక్క సాధ్యమయింది. పూర్తిగా ఎదిగిన టెరనోడాన్‌లు రెండు వర్గాలుగా స్పష్టంగా విడిపోయాయి. ఒక వర్గంలో రెక్కల విస్తారం సగటున 5.6 మీటర్లు, అన్నింటికన్నా పెద్దవి 7 మీటర్ల దాకా. వీటికి పొడవైన శిఖ, ఇరుకైన కటి ఎముకలు. రెండో వర్గంలో రెక్కల విస్తారం సగటున 3.8 మీటర్లు, వీటి శిఖ చిన్నది, గుండ్రనిది, కటి ఎముకలు వెడల్పైనవి. వెడల్పైన కటి గుడ్లు బయటకు రావడానికి దారి అనుకుంటే, చిన్నవి ఆడవి, పెద్దవి మగవి. రెండు వర్గాలవీ ఒకే సముద్రం మీద ఎగిరి, ఒకే రకమైన చేపలు తిన్నాయి. చుక్కానో తూకమో అవసరమైతే ఆడవాటికీ అవసరమే కదా, మరి వాటికి ఎందుకు లేదు? ఈ ప్రశ్నకు పాత వాదాలలో దేనికీ జవాబు లేదు. 2008లో ప్రచురితమైన గాలిసొరంగ పరీక్షలు కూడా శిఖ వల్ల ఎగరడంలో చెప్పుకోదగ్గ మార్పు రాదనే చూపించాయి.

కాబట్టి శిఖ అలంకారం. కోడిపుంజు తల మీది ఎర్రటి జుట్టు, నెమలి పింఛం ఏ పని చేస్తాయో అదే పని చేసింది: జత కోసం ఆడవాటికి కనబడటం, పోటీ మగవాటికి బలం చాటడం. దాని మీద ఏ రంగులుండేవో శిలాజాలలో నిలవలేదు. బొమ్మల మీద కనిపించే ఎరుపూ పసుపూ చిత్రకారుల ఊహలు. శిఖ ఆకారం కూడా ఒకటే కాదు. జార్జ్ స్టెర్న్‌బర్గ్ 1952లో కనుగొన్న పుర్రెలో శిఖ వెనుకకు సాగకుండా నిటారుగా, వెడల్పుగా పైకి లేచి ఉంది. 1966లో ఆయన గౌరవార్థం దానికి ప్రత్యేకమైన పేరు పెట్టారు. కొందరు దాన్ని వేరే ప్రజాతిగానే లెక్కిస్తున్నారు.

బెనెట్ లెక్కలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న అంకె మరొకటి ఉంది. చిన్న శిఖ ఉన్నవి పెద్ద శిఖ ఉన్నవాటికన్నా సుమారు రెండింతలు దొరికాయి. సీల్ చేపలని మనం పిలిచే సముద్ర క్షీరదాలలో ఒక బలమైన మగదాని చుట్టూ అనేక ఆడవి చేరినట్లే ఇక్కడా జరిగి ఉండవచ్చునన్నది దాని నుంచి తీసిన ఊహ. ఆ ఊహ నిలిచినా నిలవకపోయినా లెక్క మాత్రం లెక్కే. ప్రపంచమంతటా సినిమా పోస్టర్ల మీద, టీ చొక్కాల మీద, బొమ్మల పెట్టెలలో మనం చూస్తున్న టెరనోడాన్ కేవలం ఎదిగిన మగ టెరనోడాన్. ఒకప్పుడు కాన్సాస్ సుద్దదిబ్బలున్న చోట ఉండిన ఆ సముద్రం ఒడ్డున నిలబడి పైకి చూడగలిగిన వారెవరైనా ఉండి ఉంటే, వారి తల మీదుగా పోయిన ప్రతి మూడింటిలో రెండింటికి అంత శిఖ కనిపించేది కాదు. ఆడ టెరనోడాన్ బొమ్మను చేసి ఆ పెట్టెలో పక్కన ఉంచితే, శిఖ ఎందుకన్న ప్రశ్నకు ఏడేళ్ల పిల్లలు తమంతట తామే జవాబు కనుక్కుంటారు.

ప్రశ్న: ఈ జీవి సినిమాల్లోకి ఎప్పుడు వచ్చింది? ఇన్ని ఎగిరే సరీసృపాలుండగా దీన్నే ఎందుకు ఎంచుకున్నారు? – సినిమా అభిమాని, రాజమహేంద్రవరం

జవాబు: మాటల సినిమాకు ముందే వచ్చింది. ఆర్థర్ కానన్ డాయిల్ 1912లో రాసిన ‘ది లాస్ట్ వరల్డ్’ నవలలో ఒక టెరోడాక్టైల్‌ను లండన్ తీసుకువస్తారు. అది సభామందిరం కిటికీలోంచి తప్పించుకుపోతుంది. ఆ నవల 1925లో మూకీ చిత్రమయినప్పుడు, పీఠభూమి మీద ఎగిరే ప్రాణిగా టెరనోడాన్‌ను చూపించారు. దానికి ప్రాణం పోసినవారు విల్లిస్ ఓబ్రయన్. బొమ్మను పిసరంత కదిపి ఒక్కొక్క ఫ్రేమూ విడిగా తీసే ఓపికైన పద్ధతి ఆయనది. 1933లో వచ్చిన కింగ్ కాంగ్‌కూ ఆయనే పనిచేశారు. అందులో టెరనోడాన్ కథానాయికను ఎత్తుకుపోబోతే కాంగ్ దాన్ని పట్టి చంపుతుంది. కాళ్లతో మనిషిని ఎత్తుకుపోయే టెరనోడాన్ అన్న దృశ్యానికి ఆ తరువాత ఎంత వారసత్వం ఏర్పడిందో చూడండి: 1966లో వచ్చిన ‘వన్ మిలియన్ ఇయర్స్ బీసీ’లో నాయికను, 1969లో వచ్చిన ‘ది వ్యాలీ ఆఫ్ గ్వాంగీ’లో ఒక బాలుణ్ణి, 2015లో ఒక పార్కులోని సందర్శకులను ఇదే తీరున ఎత్తుకుపోతారు. 1966 నాటి బొమ్మకు రే హ్యారీహౌసెన్ గబ్బిలానికి ఉన్నట్లు రెక్క మధ్యలో వేళ్లు కూడా పెట్టారు. గబ్బిలం రెక్క పొర అనేక వేళ్ల మీద సాగి ఉంటుంది. టెరనోడాన్ రెక్క పొర మొత్తం మన ఉంగరపు వేలికి సమానమైన ఒక్క నాలుగో వేలి మీదే నిలుస్తుంది. ఆ ఒక్క వేలే మీటర్ల కొద్దీ పెరిగింది.

అన్నీ భయపెట్టే పాత్రలు కావు. 1988 నాటి ‘ది ల్యాండ్ బిఫోర్ టైమ్’ కార్టూన్ చిత్రంలో ఎగరడానికి భయపడే పిల్ల పీట్రీ, 2009లో అమెరికా ప్రజా టెలివిజన్‌లో మొదలైన ‘డైనోసార్ ట్రెయిన్’లో ఒక టైరనోసారస్ పిల్లను పెంచుకునే టెరనోడాన్ కుటుంబం ఎందరో పిల్లలకు ఇష్టమైన పాత్రలు. టైరనోసారస్ రెక్స్ పుట్టేసరికి టెరనోడాన్ పోయి కోటిన్నర ఏళ్లు దాటింది. ఆ కార్యక్రమంలో రైలు యుగాలను దాటి ప్రయాణిస్తుంది కనుక, ఆ చిక్కు అక్కడే తీరిపోయింది.

దీన్నే ఎందుకు ఎంచుకున్నారన్నది మంచి ప్రశ్న. 1970ల దాకా, పూర్తి ఆకారం తెలిసిన టెరోసార్లలో టెరనోడాన్ బ్రహ్మాండమైనది. దాని అస్థిపంజరాలు న్యూయార్క్, యేల్ వంటి చోట్ల వస్తుసంగ్రహాలయాలలో నిలిచాయి. జార్జ్ ఈటన్ 1910లో దాని ఎముకల మీద వివరమైన గ్రంథం రాశారు. సినిమా పరిశ్రమ ఎదుగుతున్నదీ ఆ దేశంలోనే. అన్నింటికన్నా ముఖ్యం నీడ. ఆకాశంలో నల్లటి నీడగా చూపించినా ముందు ముక్కు, వెనుక శిఖ, మధ్యలో చిన్న ఒళ్లుతో అది ఏ ప్రాణో చూసినవారికి క్షణంలో తెలిసిపోతుంది. 1971లో టెక్సాస్‌లో దొరికి, 1975లో క్వెట్జాల్‌కోట్లస్ అన్న పేరు పొందిన టెరోసార్ రెక్కలు 10 మీటర్ల పైమాటే. అది ఎంత పెద్దదైనా పోస్టర్ల మీద టెరనోడాన్ స్థానాన్ని కదిలించలేకపోయింది. ఆ స్థానాన్ని నిలబెట్టింది శిఖే.

ప్రశ్న: జపాన్ సినిమాలలోని రోడాన్ అనే రాకాసి పక్షికీ, టెరనోడాన్‌కూ సంబంధం ఉందా? – హైదరాబాద్

జవాబు: పేరులోనే ఉంది. జపాన్‌వారు టెరనోడాన్‌ను ‘పుతెరానోదోన్’ అని పలుకుతారు. అందులోంచి కొన్ని అక్షరాలు తీసి ‘రాదోన్’ అన్న పేరు చేశారు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది రోడాన్ అయింది. ఇషిరో హోండా దర్శకత్వంలో తోహో సంస్థ 1956లో తీసిన ఆ చిత్రం, ఆ సంస్థ రాకాసి చిత్రాలలో మొదటి రంగుల చిత్రం. క్యూషూ ద్వీపంలోని గనిలోంచి కథ మొదలై ఆసో అగ్నిపర్వతం దగ్గర ముగుస్తుంది. రెక్కల గాలికే నగరం కూలిపోయేంత ప్రాణిగా పెంచినా, దానికి శిఖను మాత్రం వదిలిపెట్టలేదు.

ప్రశ్న: ఇది నిజంగా మనిషిని ఎత్తుకుపోగలదా? – నెల్లూరు

జవాబు: పోలేదు. గద్ద వేటను ఎత్తుకుపోవడానికి దాని కాళ్లకు బలమైన పట్టు, వంకర గోళ్లు ఉంటాయి. టెరనోడాన్ పాదాలు చిన్నవి, నేల మీద పూర్తిగా ఆనించి నడవడానికి తగినవి. దేన్నీ బిగించి పట్టుకోలేవు. నేల మీద అది రెక్కలు మడిచి నాలుగు కాళ్ల ప్రాణిగానే నడిచేది. ఎముకల గోడలు అతి పలచనివి, లోపల బోలు. అంత తేలికగా కట్టిన ఒళ్లు తనంత బరువును కాళ్లకు వేలాడదీసుకుని లేవలేదు. ముక్కుతో చేపలను అందుకునే ప్రాణి అది. శిలాజాలలో చేపల ఎముకలు కూడా దొరికాయి.

నిజం కూడా సినిమాకన్నా తక్కువ ఉత్కంఠ కలిగించేదేమీ కాదు. లాస్ ఏంజెలెస్‌లోని ప్రకృతి చరిత్ర వస్తుసంగ్రహాలయంలో ఉన్న ఒక టెరనోడాన్ మెడ ఎముకల మధ్య క్రెటాక్సిరైనా అనే సొరచేప పన్ను ఇరుక్కుని ఉంది. దాన్ని వివరించిన వ్యాసం 2018లో వచ్చింది. నీటి మీద వాలినదాన్నో, నీటికి దగ్గరగా వచ్చినదాన్నో, లేదా చనిపోయి తేలుతున్నదాన్నో ఆ సొర కరిచింది. సినిమాలో పైనుంచి వచ్చి ఎత్తుకుపోయే టెరనోడాన్‌కు అసలు లోకంలో ప్రమాదం కిందనుంచి వచ్చేది.

ప్రశ్న: జటాయువు, గరుడుడు వంటి మహాపక్షుల కథలు టెరనోడాన్ జ్ఞాపకాలని అంతర్జాలంలో చదివాను. లేపాక్షి దగ్గరివాళ్లం కనుక జటాయువు మాకు చాలా ఆత్మీయుడు. ఈ మాట నిజమేనా? – హిందూపురం

జవాబు: కాదండీ. టెరనోడాన్ సుమారు 8.6 కోట్ల ఏళ్ల నుంచి 8.4 కోట్ల ఏళ్ల క్రితం వరకు జీవించింది. టెరోసార్లలో చివరివి కూడా 6.6 కోట్ల ఏళ్ల క్రితమే అంతరించాయి. మన మానవజాతి వయసు సుమారు 3 లక్షల ఏళ్లు. ఒకరు మరొకరిని చూసే అవకాశం లేదు. అదీకాక టెరనోడాన్ పక్షి కాదు, దానికి ఈకలు లేవు; ఎగిరే సరీసృపాల ఒంటి మీద ఉన్నది సన్నటి నూగు. సీతమ్మ కోసం రెక్కలు తెగేదాకా పోరాడిన జటాయువు మన మనసులో నిలిచి ఉండటానికి శిలాజాల సాక్ష్యం అవసరం లేదు. రెండింటినీ ఒకదానితో ఒకటి ముడివేస్తే కావ్యానికీ శాస్త్రానికీ మేలు జరగదు.

ప్రశ్న: మా గోదావరి ప్రాంతంలో డైనోసార్ ఎముకలు దొరికాయి కదా, ఎగిరే సరీసృపాలు కూడా ఉండేవా? – ఉపాధ్యాయుడు, మంచిర్యాల

జవాబు: టెరనోడాన్ మాత్రం ఇక్కడ లేదు, అది ఉత్తర అమెరికా ప్రాణి. మీ ప్రాంతపు రాళ్లు దానికన్నా చాలా పాతవి, జురాసిక్ కాలానివి. ప్రాణహిత ఒడ్డున సిరొంచ వైపున్న కోట గ్రామం పేరుతో పిలిచే ఆ శిలాశ్రేణి నుంచి వచ్చిన ఒక చిన్న శిలాజాన్ని 1974లో ఎస్. ఎల్. జైన్ టెరోసార్‌దిగా వర్ణించారు. ముక్క మరీ చిన్నది కావడంతో దాన్ని ఏ రకానికి చేర్చాలన్నది తరువాతివారు ప్రశ్నించారు. అదే శ్రేణిలో పోచంపల్లి దగ్గర దొరికిన బరపాసారస్ కోల్‌కతాలోని భారత గణాంక సంస్థలో ఉంది. యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్ అస్థిపంజరాన్ని మీరు హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ సెంటర్‌లో చూడవచ్చు. విద్యార్థులను అక్కడికి తీసుకువెళితే, మీ జిల్లా మట్టిలో నడిచిన ప్రాణిని వాళ్లు కళ్లారా చూస్తారు.

ప్రశ్న: మేము కాన్సాస్‌లోని ఓవర్‌లాండ్ పార్క్‌లో ఉంటున్నాం. మా పిల్లలకు అసలు టెరనోడాన్‌ను చూపించాలంటే ఎక్కడికి వెళ్లాలి? – ఒక తెలుగు కుటుంబం, అమెరికా

జవాబు: మీకన్నా అదృష్టవంతులు ఈ శీర్షిక పాఠకుల్లో మరొకరు లేరు, ఎందుకంటే మీరున్నది టెరనోడాన్ సొంత రాష్ట్రం. 2014లో కాన్సాస్ దాన్ని తమ రాష్ట్ర అధికారిక ఎగిరే శిలాజంగా ప్రకటించింది. పడమటికి రహదారి మీద సుమారు నాలుగు గంటలు ప్రయాణిస్తే హేస్ పట్టణం వస్తుంది. అక్కడి స్టెర్న్‌బర్గ్ మ్యూజియంలో ఆ సముద్రపు ప్రాణులన్నీ ఉన్నాయి. ఒక చేప కడుపులో మరొక చేప ఉన్న ప్రసిద్ధమైన శిలాజాన్ని తప్పక చూపించండి. మింగిన పెద్ద చేప క్సిఫాక్టినస్. టెరనోడాన్‌కు పళ్లున్నాయని మార్ష్‌ను పొరబడేట్టు చేసిన పన్ను ఆ జాతి చేపదే.

వీలుంటే ఇంకా పడమటికి, లోగన్ కౌంటీలోని లిటిల్ జెరూసలేం సుద్దకొండల దాకా వెళ్లండి. ఒకప్పుడు ఉత్తర అమెరికాను నడుమ చీలుస్తూ మెక్సికో సింధుశాఖ నుంచి ఆర్కిటిక్ దాకా సాగిన సముద్రం అడుగున, కంటికి కనిపించని సూక్ష్మజీవుల సున్నపు పెంకులు లక్షల ఏళ్లు పేరుకుని ఆ తెల్లటి కొండలయ్యాయి. విలిస్టన్‌కు పుర్రె దొరికింది ఆ నది పరిసరాల్లోనే. అక్కడ శిలాజాలను ఏరుకోవడానికి అనుమతి ఉండదు కనుక ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పండి. తీరం నుంచి వంద కిలోమీటర్లకు పైగా దూరాన, నడిసముద్రం మీద ఎగురుతూ పడిపోయిన ప్రాణులు ఆ సుద్దలో అప్పడాల్లా అణిగి ఉన్నాయి. తిరుగుప్రయాణంలో హేస్ మ్యూజియంలో మరోసారి ఆగితే, చిన్న గుండ్రటి శిఖ ఉన్నదాన్ని వెదకమనండి. అది ఆడది.